తూకాల మేస్త్రీ బండి మీద యాంటెన్నా

తూకాల మేస్త్రీ ఏ దుకాణంలో అడుగుపెట్టినా ముందు యజమాని ముఖం చూడడు, కాటా పళ్ళెం అడుగు చూస్తాడు. అక్కడ ఏ అయస్కాంతం ముక్కో మైనం ముద్దో అంటించి ఉంటుందని ఆయన లెక్క. చాలా చోట్ల ఏమీ ఉండదు. ఉన్న చోట్లే ఆయనకు గుర్తుండిపోయాయి. మీసం మొలవని వయసులో త్రాసుల కార్ఖానాలో పనికి కుదిరాడు. ముల్లు త్రాసుల కాలం పోయి అంకెలు వెలిగే కాటాల కాలం వచ్చినా ఆయన పని మాత్రం మారలేదు. తూకం సరిగ్గా ఉందో లేదో చూడటం, లేకపోతే సరిచేయడం. పికప్ బండి వెనక తొట్టిలో ఇనప పెట్టెల నిండా తూనికరాళ్ళు పెట్టుకుని బజార్లన్నీ తిరిగేవాడు.

అన్నేళ్ళు జనం చేతివాటం చూసిన మనిషికి అనుమానం ఒంటికి పట్టకుండా ఎలా ఉంటుంది? ఇంటికొచ్చిన చుట్టం ఎక్కువగా నవ్వితే అనుమానం, తక్కువగా నవ్వితే మరీ అనుమానం. కూరగాయల ఆవిడ కొసరు వేసిన రోజున ఆయనకు అన్నం సయించేది కాదు. "ఊరికే ఎందుకు వేసిందంటావ్?" అని భార్యను అడిగేవాడు.

"రెండు పచ్చిమిరపకాయలు వేసింది, ఇల్లు రాసివ్వలేదు. తినండి," అనేది ఆవిడ.

ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కుట్టే చోట కుట్టుపని చేసేది. రోజూ పొద్దున ఆయనే బండిలో దింపి తన పనికి వెళ్ళేవాడు. ఆ దారి పొడుగునా ఆయన ముందురోజు అనుమానాలన్నీ వెళ్ళబోసుకునేవాడు, ఆవిడ ఊకొడుతూ బయటికి చూస్తూ కూర్చునేది.

ఆయన రేడియోలోకి రావడం కూడా అనుమానం చేసిన పుణ్యమే. ఒక కిరాణా కొట్లో కాటా అంకెలు పొద్దున పూట ఊరికే గంతులేసేవి. విప్పి చూస్తే లోపల ఏ లోపమూ కనపడలేదు. కొట్టువాడే ఏదో చేస్తున్నాడని మేస్త్రీ నిఘా వేశాడు. కొట్టువాడు ఒట్లు పెట్టుకున్నాడు. ఒకరోజు మేస్త్రీ విసుగొచ్చి బయటికి వచ్చి నిలబడితే ఎదురింటి మేడ మీద పొడవాటి అల్యూమినియం గొట్టం ఆకాశంలోకి లేచి కనపడింది. తిన్నగా మెట్లెక్కి పైకి వెళ్ళాడు. అక్కడ ఒక గదిలో లెక్కల టీచరు మైకు పట్టుకుని ఎక్కడో సముద్రానికి అవతల ఉన్న మనిషితో వాతావరణం గురించి మాట్లాడుతున్నారు.

"అమ్మా, మీరు నోరు తెరిచినప్పుడల్లా కింద కొట్లో కందిపప్పు బరువు పెరుగుతోంది," అన్నాడు మేస్త్రీ.

టీచరు కోప్పడలేదు. కిందికి దిగివచ్చి, కాటా తీగకు నల్లటి చిన్న కడియం లాంటిది తొడిగి, గంతులు మాన్పించారు. తర్వాత ఆయన్ని కూర్చోబెట్టి హామ్ రేడియో అంటే ఏమిటో చెప్పారు. పరీక్ష రాసి, సర్కారు లైసెన్సు తీసుకుని, సరదా కోసం గాలిలో మాట్లాడుకునే జనం లోకమంతా ఉన్నారని విని మేస్త్రీ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఆయనకు అందులో ఏం నచ్చిందో ఆయన భార్యకు కూడా వెంటనే అర్థం కాలేదు. కాస్త వయసు మీదపడ్డాక పుస్తకం పట్టుకుని, మొదటిసారి తప్పి, రెండోసారికి గట్టెక్కి, లైసెన్సు సంపాదించాడు.

ఆ ఊళ్ళో అలాంటివాళ్ళు ఓ పదిమంది దాకా ఉండేవారు. రోజూ పొద్దున ఒక చానల్ మీద కలుసుకునేవారు. టీచరు పెద్దరికం. ఒక్కొక్కరినీ పిలిచి, వాళ్ళు మాట్లాడాక ఇంకొకరికి వంతు ఇచ్చేవారు. ఒక పళ్ళ డాక్టరు ఉండేవాడు, మైకు దొరికితే వదలని మనిషి. ఆయన కబుర్లకు టీచరు అడ్డుకట్ట వేయడం రోజూ జరిగే తంతే.

మేస్త్రీ రోజంతా రోడ్డు మీదే ఉంటాడు కాబట్టి బండిలోనే రేడియో సెట్టు పెట్టుకోవాలనుకున్నాడు. టీచరు వివరంగా చెప్పారు. "మేస్త్రీ గారూ, యాంటెన్నా ఒక్కటీ బిగిస్తే చాలదు. దాని కింద ఉన్న లోహమంతా దానికి నేల లాంటిది. క్యాబిన్ కప్పు మధ్యలో రంధ్రం వేసి బిగిస్తే అన్నిటికన్నా మేలు. అది ఇష్టం లేకపోతే తొట్టి మూలన బిగించండి. కానీ తొట్టి రబ్బరు దిమ్మెల మీద కూర్చుని ఉంటుంది, ఛాసిస్‌కు, అంటే బండి అడుగు చట్రానికి, సరిగా తగలదు. రంగు గీకించి, ఇనుము బయటపడ్డాక బోల్టు వేయించి, అక్కణ్ణుంచి ఛాసిస్‌కు రాగి అల్లిక పట్టీ కలిపించండి."

మేస్త్రీ బావమరిది, అంటే ఆయన భార్య తమ్ముడు, బండ్ల సొట్టలు తీసే షెడ్డు నడిపేవాడు. బండి అక్కడికే తీసుకెళ్ళాడు. బావమరిది గరుకు కాగితం చేతిలోకి తీసుకోగానే మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"రంగు ముట్టుకోవద్దు."

"గీకకపోతే ఎలా బావా? రంగు మీద బోల్టు బిగిస్తే ఇనుముకు ఇనుము తగలదు కదా."

"గీకితే తుప్పు పడుతుంది. తుప్పు పడితే మళ్ళీ నీ షెడ్డుకే రావాలి. నాకు తెలీదనుకున్నావా?"

బావమరిది గరుకు కాగితం పక్కన పడేశాడు. "సరే, నీ బండి, నీ ఇష్టం," అని తొట్టి మూలన రంగు మీదే, గీతలు పడకుండా కింద ఒక రబ్బరు ముక్క కూడా వేసి, యాంటెన్నా బిగించాడు. రాగి పట్టీ కూడా రంగు మీదే బిగిసింది. చూడటానికి మాత్రం పెళ్ళికొడుకులా ఉంది. సెట్టు ఎదురుగా కనపడితే దొంగలు అద్దం పగలగొడతారని మేస్త్రీ దాన్ని సీటు కింద పెట్టించాడు. మైకు ఒక్కటి స్టీరింగ్ కింద వేలాడుతుండేది. వెలిగే దీపాలూ అంకెలూ ఏవీ ఆయన కంటికి ఆనేవి కావు.

మొదట్లో బాగానే ఉంది. కొన్నాళ్ళకు పొద్దున సమావేశంలో ఒక వింత మొదలైంది. మేస్త్రీ తన వంతు వచ్చినప్పుడు మాట్లాడి మైకు బటన్ మీంచి వేలు తీసేవాడు. అటునుంచి జవాబు వచ్చేది కాదు. చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా ఉండేది కాదు. ఎంతసేపు చూసినా అంతే. ఇంజను ఆపి, ఒక దుకాణంలో పని ముగించుకుని మళ్ళీ బండి ఎక్కితే అందరూ మామూలుగా మాట్లాడుకుంటూ ఉండేవారు. "ఇవాళ కూడా ఎవరో బటన్ వదలకుండా చానల్ నొక్కిపట్టారండీ, ఇంజను మోత తప్ప ఏమీ వినపడలేదు," అని ఎవరో ఒకరు అనడం వినపడేది.

మేస్త్రీ ఈ రెంటినీ రెండు వేరువేరు నేరాలుగా లెక్కగట్టాడు. ఒకటి, ఎవడో కావాలని చానల్ చెడగొడుతున్నాడు. రెండు, తను మాట్లాడగానే అందరూ మూకుమ్మడిగా నోరు కట్టేసుకుంటున్నారు. బహుశా వేరే చానల్‌కు వెళ్ళి తన వెనక తన గురించి మాట్లాడుకుంటున్నారు.

"చూశావా? నేను నమస్కారం అన్నానో లేదో, అందరికీ మాట పడిపోయింది," అనేవాడు రాత్రి భోజనం దగ్గర భార్యతో.

"సిగ్నల్ లేదేమో."

"రెండు నిమిషాల ముందు లేని జబ్బు నేను మాట్లాడగానే ఎలా వచ్చింది?"

ఆవిడ కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళేది.

చానల్ నొక్కిపట్టే దొంగ పళ్ళ డాక్టరేనని మేస్త్రీ తేల్చుకున్నాడు. టీచరు ఆయన మాటలకు అడ్డు తగులుతుంటారు కాబట్టి, ఆ అక్కసు ఇలా తీర్చుకుంటున్నాడని మేస్త్రీ సిద్ధాంతం. ఒక ఆదివారం అందరూ టీచరు మేడ మీద కలిసినప్పుడు టీచరు, "ఎవరిదో బటన్ ఇరుక్కుంటోంది. దయచేసి ఎవరి సెట్టు వాళ్ళు ఒకసారి చూసుకోండి," అన్నారు. అంటూ అందరి వంకా చూసి చివర మేస్త్రీ వంక చూశారు. ఆ చూపును మేస్త్రీ, నువ్వైనా పట్టుకో అని తనకు ఇచ్చిన సైగగా తీసుకున్నాడు.

"చూసుకోవడం కాదు టీచరు గారూ, పట్టుకోవాలి," అని లేచాడు. "అందరం తలో దిక్కు నుంచీ వెతుకుదాం. తప్పు చేసినవాడు ఎవడైనా సరే, చదువుకున్నవాడైనా సరే, దొరికిపోవాలి." చదువుకున్నవాడు అన్నప్పుడు డాక్టరు వంక చూడటం మాత్రం మరిచిపోలేదు. డాక్టరు బిస్కెట్టు నములుతూ, "చాలా మంచి ఆలోచన," అన్నాడు. ఆ మాట అంత తేలిగ్గా అనడం మేస్త్రీకి ఇంకా అనుమానంగా తోచింది.

మరుసటి ఆదివారం పొద్దున వేట పెట్టుకున్నారు. చేపముల్లు ఆకారంలో ఉండే చిన్న యాంటెన్నాలు ఉంటాయి. చేత్తో పట్టుకుని తిప్పుతూ ఉంటే సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తోందో తెలుస్తుంది. డాక్టరు ఒకటి తన కారులో పెట్టుకున్నాడు, టీచరు ఒకటి స్కూటర్ మీద పెట్టుకున్నారు. మేస్త్రీ భార్యను కూడా బండెక్కించుకున్నాడు, సాక్ష్యానికి ఒక మనిషి ఉండాలని. మైకును ఎప్పటిలా తగిలించకుండా, దొంగ దొరకగానే అందరికీ చెప్పడానికి వీలుగా, ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేను బయల్దేరాను," అని మైకులో చెప్పి వేలు తీశాడు. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు.

"మొదలెట్టారు," అన్నాడు భార్యతో. "ఇక చూడు. ఆ పళ్ళ డాక్టరు ఇప్పుడు ఏ సందులోనో కూర్చుని బటన్ నొక్కి ఉంటాడు. పొద్దున లేస్తే జనం నోట్లో చేతులు పెట్టేవాడు, వాడికి నలుగురి నోళ్ళు మూయించడం ఒక లెక్కా?"

"ఆయన మీకు పన్ను పీకినప్పుడు డబ్బులు కూడా తీసుకోలేదు కదండీ."

"అదే నేననేది. ఎందుకు తీసుకోలేదు?"

బండి పెద్ద బజారు మలుపు తిరిగింది. అద్దంలో డాక్టరు కారు కనపడింది. మేస్త్రీ సందులోకి తిప్పాడు. కారు కూడా సందులోకి తిరిగింది. పాత సినిమా హాలు వెనక నుంచి తిప్పి మళ్ళీ పెద్ద రోడ్డు ఎక్కాడు. కారు వదలలేదు. పక్క వీధిలోంచి టీచరు స్కూటర్ కూడా వచ్చి కారు వెనక చేరింది.

"టీచరు కూడా వాడి పక్షమే," అన్నాడు మేస్త్రీ. "నేను పట్టుకుంటానని తెలిసి వెంటపడ్డారు. ఇందులో నీ తమ్ముడి చెయ్యి కూడా ఉందేమో. యాంటెన్నా బిగించింది వాడే కదా. నాలుగు రోజులకోసారి బండి షెడ్డుకు రావాలని ఏదో మెలిక పెట్టి ఉంటాడు."

"నా తమ్ముడి జోలికి వెళ్ళకండి," అంది ఆవిడ.

ఫోను మోగింది. డాక్టరు. మేస్త్రీ ఎత్తలేదు. మళ్ళీ మోగింది, మళ్ళీ ఎత్తలేదు.

"ఎత్తండి, ఏం చెప్తాడో వినండి."

"ఏం చెప్తాడు, నన్ను దారి మళ్ళించడానికి ఏదో ఒకటి అల్లుతాడు."

ఆవిడ ఫోను పక్కన పెట్టి, "ఇంత బాధ ఎందుకండీ? నచ్చకపోతే మానేయండి. సరదా కోసం పెట్టుకున్నదే కదా," అంది.

బండి వేగం తగ్గింది.

"సరదా కాదు," అన్నాడు మేస్త్రీ. "నేను దుకాణంలో కాలు పెడితే అందరి ముఖాలూ ముడుచుకుపోతాయి. నిజం చెప్పేవాడు కూడా నన్ను చూసి నీళ్ళు నములుతాడు. ఇన్నేళ్ళుగా అంతే. ఆ రేడియోలో మాత్రం నేనెవరో చూసి ఎవరూ జంకరు. ఏం మేస్త్రీ గారూ, టిఫినయిందా అంటారు. ఆ కాసేపు నాకు బాగుంటుంది. అందుకే వాళ్ళు కూడా నోరు మూసుకుంటే తట్టుకోలేకపోతున్నాను."

ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోట ఇలాంటి మాట వినడం ఆవిడకు కొత్త.

రైల్వే గేటు పడింది. బండి ఆపక తప్పలేదు. వెనక కారు ఆగింది, స్కూటర్ ఆగింది. డాక్టరు చేపముల్లు యాంటెన్నా పట్టుకుని దిగాడు, రెండో చేతిలో చిన్న రేడియో ఉంది. మేస్త్రీ అద్దం దించి, "ఏంటి డాక్టరు గారూ, వెంటపడుతున్నారు?" అని గట్టిగా అడిగాడు.

ఆ మాటే డాక్టరు చేతిలో రేడియోలోంచి కూడా వచ్చింది. వెంటనే చెవులు చిల్లులుపడేలా ఒక కూత లేచింది. డాక్టరు గబుక్కున దాని గొంతు తగ్గించాడు.

మేస్త్రీకి ముందు అర్థం కాలేదు. తన సెట్టుకు వీళ్ళే ఏదో మాయ చేశారన్నది ఆయనకు తట్టిన మొదటి ఆలోచన. అప్పటికే ఆయన భార్య వంగి సీటు కింద చూసింది.

"ఇక్కడ ఎర్ర దీపం వెలుగుతోందండీ," అంది.

మాట్లాడుతున్నప్పుడే వెలగాల్సిన దీపం అది. మేస్త్రీ మైకు వంక చూశాడు. బటన్ మీద వేలు లేదు.

"మేస్త్రీ గారూ, ఇంజను ఆపి సెట్టు కట్టేయండి," అన్నారు టీచరు, నెమ్మదిగా.

ఆయన ఆపాడు. డాక్టరు చేతిలో రేడియో మూగబోయింది. వెంటనే అందులోంచి సభ్యులు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడటం వినపడింది. వాళ్ళంతా ఇంతసేపూ విన్నారు. బజారు మలుపు నుంచి గేటు దాకా, పళ్ళ డాక్టరు గురించి, టీచరు గురించి, బావమరిది గురించి, ఆ తర్వాత తను చెప్పుకున్న మాటతో సహా, అన్నీ.

మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. బండి దిగి, తల ఎత్తకుండా వాళ్ళ దగ్గరికి వచ్చాడు. రైలు వెళ్ళిపోయి గేటు లేచేదాకా ముగ్గురూ రోడ్డు మీద నిలబడే ఉన్నారు. డాక్టరు, "పదండి, వెనక బండ్లవాళ్ళు తిడుతున్నారు," అని తన కారెక్కి వెళ్ళిపోయాడు.

టీచరు మాత్రం ఆగి చెప్పారు. యాంటెన్నా పంపే శక్తికి కింద సరైన లోహపు నేల దొరకకపోతే, అది కేబుల్ తొడుగును పట్టుకుని వెనక్కి పాకుతుంది. క్యాబిన్‌లోకి వచ్చి మైకు తీగలో దూరుతుంది. దాంతో వేలు తీసినా బటన్ ఇంకా నొక్కే ఉందని సెట్టు మోసపోతుంది. పంపుతున్నంతసేపూ దానికి ఏమీ వినపడదు. ఆయనకు ఇన్నాళ్ళూ ఎవరి జవాబూ వినపడకపోవడం అందుకే.

"అంటే నేను మాట్లాడినప్పుడు వాళ్ళు ఊరుకోలేదా?" అని అడిగాడు మేస్త్రీ.

"లేదండీ. మీకు జవాబు చెప్తూనే ఉన్నారు."

మేస్త్రీ ఆ రోజు, మర్నాడు రేడియో ముట్టుకోలేదు. పొద్దున సమావేశం వేళకు బండిలో ఎటో చూస్తూ నడిపాడు. ఆవిడే ఒకరోజు, "తమ్ముడి దగ్గరికి పోనివ్వండి," అంది. అది అడగటం కాదు.

బావమరిదికి అక్క ముందే అంతా చెప్పేసింది. వాడు బండి చూసి పలకరించలేదు. తొట్టి కింద దూరి, యాంటెన్నా విప్పి, మీటరు ఒక కొన తొట్టికి, ఒక కొన ఛాసిస్‌కు పెట్టాడు. ముల్లు కదల్లేదు.

"ఇదీ సంగతి," అన్నాడు.

"గీకెయ్," అన్నాడు మేస్త్రీ.

"తుప్పు పడుతుంది మరి. మళ్ళీ నా షెడ్డుకే రావాలి."

మేస్త్రీ ఆ దెబ్బ ఓర్చుకున్నాడు. గరుకు కాగితం తనే తీసుకుని మూలన కూర్చుని రుద్దడం మొదలుపెట్టాడు. రంగు పోయింది, కింద బూడిద రంగు పూత పోయింది, తెల్లగా మెరిసే ఇనుము బయటపడింది. మంచి రేకును చేతులారా గీకడం ఆయనకు ఒళ్ళు గీరుకున్నట్టే ఉంది. అయినా ఆపలేదు. బావమరిది పళ్ళున్న వాషర్ వేసి బోల్టు బిగించాడు. తొట్టి నుంచి ఛాసిస్‌కు, క్యాబిన్ నుంచి ఛాసిస్‌కు, బానెట్ నుంచి క్యాబిన్‌కు రాగి పట్టీలు కలిపాడు. పొగ గొట్టానికి కూడా ఒకటి కట్టాడు. ప్రతి బోల్టు చుట్టూ దట్టంగా గ్రీజు పూశాడు.

"ఇప్పుడు తుప్పు పట్టదు," అన్నాడు. "ఇది అప్పుడే చెప్పేవాణ్ణి. నువ్వు చెప్పనిస్తే."

"నీ మీద లేనిపోనివన్నీ అన్నానురా."

"విన్నాను బావా. ఊరంతా విన్నది." వాడు చేతులు తుడుచుకుంటూ కొంచెం నవ్వాడు. మీటరు మళ్ళీ పెట్టాడు. ఈసారి ముల్లు చివరిదాకా వెళ్ళింది.

మర్నాడు పొద్దున మేస్త్రీ సెట్టు వేశాడు కానీ మైకు తీయలేదు. టీచరు ఒక్కొక్కరినీ పిలుస్తూ వచ్చారు. తన పేరు వచ్చినా మేస్త్రీ స్టీరింగ్ మీంచి చెయ్యి తీయలేదు. భార్య మైకు తీసి ఆయన చేతికి ఇచ్చింది.

"అందరికీ నమస్కారం," అన్నాడు. "ఆ రోజు అన్నవన్నీ... తప్పయింది." వేలు తీశాడు.

వెంటనే జవాబు వచ్చింది, డాక్టరు గొంతు. "నమస్కారం మేస్త్రీ గారూ. మీ ఆడియో ఇవాళ చాలా బాగుంది. మా క్లినిక్‌లో మనుషుల బరువు తూచే యంత్రం ఒకటి ఉంది, దాని మీద నాకు అనుమానంగా ఉంది. కుదిరినప్పుడు వచ్చి చూస్తారా?"

ఎకసెక్కమా, నిజంగా పిలుస్తున్నాడా? మేస్త్రీ ఆ రోజంతా తెగ ఆలోచించాడు. అనుమానం అన్న మాట ఊరికే వాడాడా, కావాలని వాడాడా? చివరికి సాయంత్రం తూనికరాళ్ళ పెట్టె మోసుకుని క్లినిక్‌కు వెళ్ళాడు. డాక్టరు లోపల ఎవరి పన్నో పీకుతున్నాడు. మేస్త్రీ యంత్రం మీద చిన్న రాయి పెట్టాడు, పెద్ద రాయి పెట్టాడు, అంచుల మీద పెట్టాడు, మధ్యలో పెట్టాడు. పళ్ళెం తిప్పి అడుగు కూడా చూశాడు. యంత్రం నూటికి నూరుపాళ్ళూ సరిగ్గా ఉంది.

డాక్టరు చేతులు కడుక్కుని బయటికి వచ్చాడు. "ఏమంటారు?"

"ఏ లోపమూ లేదండీ."

"సంతోషం," అన్నాడు డాక్టరు, కుర్చీ జరిపి. "కూర్చోండి, టీ చెప్పాను."

మేస్త్రీ కూర్చున్నాడు. లోపం లేని యంత్రానికి తనను ఎందుకు పిలిచాడో అడగాలని నోటి చివరిదాకా వచ్చింది. అడగలేదు. టీ వచ్చింది. డాక్టరు ఎప్పటిలాగే మొదలుపెట్టాడు, ఏదో దేశం వాడితో మాట్లాడానని, వాడి గొంతు ఎలా ఉందో, వాడి యాంటెన్నా ఎంత పొడుగో. అడ్డుకట్ట వేయడానికి టీచరు లేరు. చీకటి పడేదాకా మేస్త్రీ వింటూ కూర్చున్నాడు.